లొహి కేసు: ఒక ఫిన్నిష్ చేప పేరుతో మూడు వారాలు

ఫిన్లాండ్‌లోని ఎస్పోలో మా తెలుగు పిల్లలకి ఆదివారం పూట ఒక క్లాసు నడుస్తుంది. నేను పనిరీత్యా ఇంటర్‌ప్రెటర్‌ని, ఫిన్నిష్ నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఫిన్నిష్‌కి. హాస్పిటల్ అపాయింట్‌మెంట్లు, స్కూలు మీటింగులు, ఇంటి అద్దె అగ్రిమెంట్లు, ఇవే నా రోజువారీ పని, మిగిలిన టైంలో ఆ క్లాసు పిల్లల కోసం ఒక బొమ్మల డిక్షనరీ తయారు చేస్తున్నా. దాంట్లో చేపల పేజీలో ఆరు మాటలు పెట్టా: హౌకి, అహ్వెన్, కుహ, సీక, ముయిక్కు, లొహి. మొదటి ఐదూ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి, వాటికి మన దగ్గర పేర్లు లేవు కాబట్టి ఫిన్నిష్ పేరే తెలుగు అక్షరాల్లో రాసి కింద ఒక లైను వివరణ ఇచ్చేశా. లొహి మాత్రం మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి పని చేసే వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ ఇదే తగులుతుంది.

లొహి అంటే సాల్మన్. "లొ" కురచ, లోహం అన్నప్పటి "లో" కాదు. ఫిన్నిష్‌లో కూడా మనలాగే కురచ, దీర్ఘం తేడా వస్తే అర్థమే మారిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు, కింద మళ్ళీ దీని దగ్గరకే వస్తా. ఈ చేప నదిలో పుట్టి సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ అదే నదికి ఎదురెక్కి వస్తుంది. సైమా సరస్సులో ఉండే యార్విలొహి అయితే సముద్రం మొహమే చూడదు. మంచుయుగం అయిపోయాక నేల పైకి లేచి దారి మూసుకుపోతే ఆ మంచినీళ్ళలోనే ఉండిపోయిన జాతి అది, దాని నదుల మీద కరెంటు కోసం డ్యాములు కట్టాక గుడ్లు పెట్టే చోటు పోయి ఇప్పుడు అంతరించిపోయే స్థితిలో ఉంది, హేచరీల్లో పిల్లల్ని పెంచి వదిలితేనే మిగులుతోంది. పిల్లలకి ఈ లొహి బాగా తెలుసు, బడిలో లంచ్‌కి లొహికెయిత్తొ పెడతారు కదా, బంగాళాదుంపలూ పాలూ సోంపు ఆకు లాంటి దిల్ ఆకూ వేసిన సాల్మన్ సూపు.

తప్పు ఎక్కడ జరిగిందంటే

తప్పు చేపల పేజీలో కాదు, కథల పేజీలో జరిగింది. డ్రాగన్‌కి ఫిన్నిష్ మాట లొహికార్మె. ఇక్కడ "కా" లో దీర్ఘాన్ని మనం "వచ్చాడు" అన్నప్పుడు నిజంగా నోటితో పలికే ఆ "చా" లో దీర్ఘం లాగా పలకాలి, దానికి తెలుగులో విడిగా అక్షరం లేదు గానీ శబ్దం మన నోట్లో రోజూ ఉంటుంది. కార్మె అంటే పాము. లొహి అంటే సాల్మన్. రెండూ కలిపి నేను శాంపిల్ కాపీలో డ్రాగన్ బొమ్మ కింద "అక్షరార్థం: సాల్మన్ పాము" అని రాసేశా, ఇరవై కాపీలు ప్రింట్ చేసి ఇళ్ళకి పంపేశాం కూడా.

తర్వాత ఆదివారం ఏడేళ్ళ పాప ఒకతి నోట్‌బుక్కు తెచ్చి చూపించింది. డ్రాగన్ వేసింది, రెక్కలు లేవు, ఒంటి నిండా చేప పొలుసులు, తోక చీలిన చేప తోక, నీళ్ళలో ఈదుతోంది. "అత్తా, దీనికి రెక్కలెందుకు ఉంటాయి, ఇది చేప కదా" అంది. నాకు సమాధానం దొరకలేదు. బడిలో వాళ్ళ టీచర్ చెప్పిన డ్రాగన్‌కి రెక్కలున్నాయి, నా పుస్తకంలో డ్రాగన్ చేప అయిపోయింది. పిల్ల నా మాట నమ్మి బొమ్మ మార్చేసింది. ఆ రాత్రే కూర్చున్నా.

ఫిన్నిష్ నిఘంటువుల్లో విషయం స్పష్టంగానే ఉంది, నేను చూడకుండా రాశానంతే. లొహికార్మె లోని లొహికి చేపతో సంబంధం లేదు. పాత స్వీడిష్‌లో డ్రాగన్‌ని ఫ్లొగ్‌డ్రాకి అనేవాళ్ళు, "ఎగిరే డ్రాగన్" అని. ఫిన్లాండ్ కొన్ని వందల ఏళ్ళు స్వీడన్ పాలనలో ఉంది, 1809 దాకా, మాటలు ధారాళంగా వచ్చి పడ్డాయి. ఈ మాట వచ్చినప్పుడు రెండో సగాన్ని, అంటే డ్రాకిని, అర్థం చూసి పాము అని మార్చుకున్నారు. మొదటి సగం ఫ్లొగ్ అర్థం కాలేదు, నోటికి కూడా తిరగలేదు, ఎందుకంటే పాత ఫిన్నిష్‌లో మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావు. వస్తే మొదటిది రాలిపోతుంది. స్వీడిష్ గ్లాస్ వచ్చి లసి అయింది, స్కోలా (బడి) వచ్చి కౌలు అయింది, స్టాక్‌హోమ్ తుఖొల్మ అయింది. మన పల్లెటూళ్ళలో స్టేషన్ టేసను అయింది చూడండి, అచ్చం అదే, స్కూల్‌కి మాత్రం మనం ముందు "ఇ" తగిలించి ఇస్కూలు చేసుకున్నాం. అలా ఫ్లొగ్ లో ఫ రాలిపోయి లొగ్ మిగిలింది, వినడానికి దగ్గర్లో తమకి తెలిసిన మాట లొహి కనపడింది, అందులోకి సర్దేసుకున్నారు. అంటే ఎగరడం అనే అర్థం చేప వేషం వేసుకుంది. రెక్కలు మొదటినుంచీ ఆ మాటలోనే ఉన్నాయి, పైకి కనపడవంతే.

ఇక్కడ ఎస్టోనియన్ సంగతి ఒకటి చెప్పాలి, నాకు చాలా నచ్చిన విషయం. మా క్లాసు పక్క గదిలో పిల్లల్ని దింపడానికి వచ్చే ఒక ఎస్టోనియన్ తల్లి చెప్పింది, వాళ్ళ భాషలో డ్రాగన్ లొహె, గాలిపటాన్ని కూడా అదే అంటారు, సాల్మన్ మాత్రం అదే స్పెల్లింగు కానీ ఓ మీద అలలాంటి గీత ఉంటుంది, పెదాలు గుండ్రంగా తిప్పకుండా పలకాలి. పైగా గీత ఉన్న ఆ మాటకే పగులు, చీలిక అని ఇంకో అర్థం. ఫిన్నిష్‌లో కలిసిపోయిన రెండు మాటలు ఎస్టోనియన్‌లో ఒక్క గీత తేడాతో విడివిడిగా నిలబడ్డాయి. కాగితం మీద రెండూ రాసి చూపించింది ఆవిడ, పక్కపక్కనే. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

మాష్టారి లోహితం

డ్రాగన్ సంగతి తేలాక అసలు చేప లొహి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూసి రాద్దాం అనుకున్నా. ఈలోగా ఒక కుటుంబంలో పెద్దాయన, రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు, రిటైరైన సంస్కృతం మాష్టారు, శాంపిల్ కాపీ చూసి నన్ను పిలిపించారు. "అమ్మా, ఇంత వెతకడం ఎందుకు, లోహితం అంటే ఎరుపు, ఈ చేప కండ చూడు ఎంత ఎర్రగా ఉందో, మన రోహు చేపకి రోహితం అని పేరు రాలేదా, అదే ఇది" అన్నారు. ఆయన మాటలో బలం ఉంది. రోహు అంటే రోహితమే, గోదావరి జిల్లాల్లో శీలావతి అంటాం, దాని శాస్త్రీయ నామంలో కూడా రోహిత అనే ఉంది. చేపా కలిసింది, రంగూ కలిసింది, శబ్దమూ కలిసింది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ ఒక పూట అలాగే అనిపించింది.

కానీ మాటల చుట్టరికం పోలికతో తేలదు, ఒక్కో శబ్దం ఎక్కడినుంచి ఎక్కడికి నడిచొచ్చిందో చూస్తేనే తేలుతుంది. లోహితంలో "హ" చూడండి. సంస్కృతంలో లోహితం, రోహితం, రుధిరం ఒకే మూలం నుంచి వచ్చినవి. రుధిరంలో ఉన్న "ధ" నే రోహితంలో "హ" గా మారింది. లోహం కూడా మొదట్లో ఎర్రటి లోహమే, రాగి లాంటిది. అంటే ఆ హ వెనకాల ధ ఉంది. అదీ గాక సంస్కృతంలో "ఓ" ఎప్పుడూ దీర్ఘమే, వెనకాల "అవు" లాంటి జంట అచ్చు ఉంటుంది. ఫిన్నిష్ లొహిలో ఒ కురచ.

ఇక ఫిన్నిష్ "హ" వెనకాల ఏముంది? "ష" ఉంది. ఒకప్పుడు ఫిన్నిష్, దాని అక్కచెల్లెళ్ళ భాషల్లో ఉన్న ష అంతా హ అయిపోయింది. దీనికి సాక్ష్యం బాల్టిక్ భాషల దగ్గర, అంటే లిథువేనియన్, లాత్వియన్ దగ్గర దొరుకుతుంది. ఎండుగడ్డిని లిథువేనియన్‌లో షియెనస్ అంటారు, ఫిన్నిష్‌లో హెయినా. పెద్దబాతు లిథువేనియన్‌లో ఝాసిస్, ఫిన్నిష్‌లో హన్హి. సాల్మన్ లిథువేనియన్‌లో లషిష, లాత్వియన్‌లో లసిస్, ఫిన్నిష్‌లో లొహి. వరస కుదిరింది. అ బదులు ఒ ఎందుకొచ్చిందంటే అది కూడా ఒంటరి కేసు కాదు, లిథువేనియన్ మర్తి (కోడలు, పెళ్ళికూతురు) ఫిన్నిష్‌లో మొర్సియన్ అయింది. బాల్టిక్ భాషల నుంచి ఫిన్నిష్‌లోకి ఇలా చాలా మాటలు వచ్చాయని డెన్మార్క్ భాషావేత్త విల్హెల్మ్ థామ్సెన్ 1890లోనే వరసపెట్టి చూపించాడు.

ఇది చెప్తే మాష్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "హన్హి అన్నావు, అది మన హంస కాదూ?" అన్నారు. అవును, అది నిజంగానే హంస! లిథువేనియన్ ఝాసిస్, సంస్కృత హంస ఒకే ఇంటి పిల్లలు, ఫిన్నిష్ ఆ మాటని బాల్టిక్ వైపు నుంచి అరువు తెచ్చుకుంది. మన పద్యాల్లో అంచ ఉంది కదా, హంసకి తద్భవం, ఆ అంచా ఈ హన్హీ చాలా దూరపు చుట్టాలు. ఆయన మొహం వెలిగిపోయింది. నాకు కూడా ఆ రోజు మొత్తంలో అదే మంచి క్షణం. లోహితం లాగా చేపా రంగూ శబ్దమూ అన్నీ కలిసినా చుట్టం కాకపోవచ్చు, ఎక్కడో ఉత్తరాన ఉన్న బాతు పేరు చుట్టం కావచ్చు.

చేప అనే మాట సొంతం, ఈ చేప పేరు అరువు

ఫిన్నిష్‌లో చేపకి సాధారణ మాట కల. అది వాళ్ళ సొంత ఆస్తి, హంగేరియన్‌లో హల్, ఉత్తరాన ఉండే సామీ ప్రజల భాషలో గువొల్లి, ఉరల్ పర్వతాల అవతల నేనెత్స్ భాషలో కూడా దాని తోబుట్టువే ఉంది. మరి చేప మాట సొంతమై సాల్మన్ మాట అరువు ఎందుకైంది? ఎందుకంటే ఫిన్నిష్ పూర్వీకులు వోల్గా నది వైపు నుంచి పడమరకి వచ్చారని ఎక్కువమంది భాషావేత్తలు అంటారు, వోల్గా నీళ్ళు కాస్పియన్‌కి పోతాయి, బాల్టిక్ సముద్రం నుంచి నదుల్లోకి ఎదురెక్కే ఈ సాల్మన్ అక్కడ లేదు. బాల్టిక్ తీరానికి వచ్చాక కొత్త చేప కనపడింది, అక్కడ ముందే ఉన్నవాళ్ళు దాన్ని ఏమంటున్నారో అదే తీసుకున్నారు. మనం టమాటా, అనాస అన్నట్టే. పాములాంటి చేప ఈల్‌కి ఫిన్నిష్ మాట అంకెరియస్, అదీ బాల్టిక్ నుంచే వచ్చింది, లిథువేనియన్‌లో ఇప్పుడు ఉంగురిస్ అంటారు. అంటే అసలు ఇంట్లో అచ్చు మారిపోయింది, అరువు తీసుకున్న ఇంట్లో పాత "అం" అలాగే ఉంది.

సామీ భాషలో సాల్మన్ లువొస్స. ఇందులో హ లేదు, స ఉంది. అంటే ఫిన్నిష్ వైపు ష కాస్తా హ అవ్వకముందే ఈ మాట అటు చేరిపోయింది. ఫిన్నిష్‌కి తోబుట్టువు లాంటి కరేలియన్ భాషలో ఫిన్నిష్ లాగే లొహి.

మాట ఎంత పాతదో విభక్తి కూడా చెప్తుంది, డిక్షనరీ పనిలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. లసి (గ్లాసు) కొత్త అరువు, "గ్లాసు యొక్క" అంటే లసిన్, ఇ అలాగే ఉంటుంది. లొహి పాత అరువు, "లొహి యొక్క" అంటే లొహెన్, ఇ పోయి ఎ వస్తుంది. హన్హి కూడా అంతే, హన్హెన్. రెండు సాల్మన్లు అనాలంటే కక్సి లొహ్త. పిల్లలు కక్సి లొహియా అనో లొహిన్ అనో తప్పు చెప్తుంటారు, అందుకే చేపల పేజీలో లొహి పక్కన చిన్న అక్షరాల్లో లొహెన్, లొహ్త కూడా పెట్టా. మిగతా చేపలకి పెట్టలేదు, అది సరి కాదని తెలుసు, రెండో ముద్రణలో పెడతా.

లొహి తిరిగిన ఊళ్ళు

బాల్టిక్ వాళ్ళ మాట మళ్ళీ ఒంటరిది కాదు. స్వీడిష్ లాక్స్, జర్మన్ లాక్స్, రష్యన్ లొసోస్ అన్నీ ఒకే మూలం. న్యూయార్క్‌లో ఉన్న మనవాళ్ళు బేగెల్ మీద పెట్టుకుని తినే లాక్స్ కూడా ఇదే, యూదుల యిడ్డిష్ భాష మీదుగా వెళ్ళింది. ఫిన్లాండ్ షాపుల్లో గ్రావిలొహి అని ప్యాకెట్లు ఉంటాయి, ఉప్పూ చక్కెరా దిల్ పట్టించిన సాల్మన్, స్వీడిష్ గ్రావ్‌లాక్స్ ని సగం తెచ్చుకుని సగం మార్చుకున్నారు, లాక్స్ తీసేసి లొహి పెట్టారు. తీసిందీ పెట్టిందీ ఒకే వంశం.

రష్యన్‌లో ఇంకా బాగుంటుంది. లొసోస్ వాళ్ళ సొంతం, దాంతో పాటు ఉత్తరాది రష్యన్‌లో లోఖ్ అని ఇంకో మాట ఉంది, గుడ్లు పెట్టే కాలం అయిపోయి నీరసించిపోయిన సాల్మన్‌ని అంటారు, అది ఫిన్నిష్, కరేలియన్ వైపు లొహి నుంచి వెళ్ళింది. ఒకే మాట ఒక దారిలో ఇంట్లోనే పెరిగింది, ఇంకో దారిలో బాల్టిక్ ఇంటికి, అక్కడినుంచి ఫిన్నిష్ ఇంటికి వెళ్ళి, హ వేసుకుని, ఖ అయి తిరిగొచ్చింది. ఇది చదివాక నేను లేచి కాసేపు గదిలో అటూ ఇటూ నడిచా.

ఇంకా తూర్పుకి పోతే చైనా పడమటి ఎడారిలో తవ్వకాల్లో దొరికిన తోఖారియన్ అనే భాష ఉంది, జీగ్, జీగ్లింగ్ అనే ఇద్దరు జర్మన్ పండితులు 1908లో అది ఇండో-యూరోపియన్ భాషే, అంటే సంస్కృతం, లిథువేనియన్, జర్మన్ ఉన్న కుటుంబంలోదే అని తేల్చారు. అందులో లక్స్ అంటే ఉత్త చేప, ఏ చేపైనా సరే. ఇదెందుకు ముఖ్యమంటే అంతకుముందు సాల్మన్ మాట బాల్టిక్, స్లావిక్, జర్మానిక్ భాషల్లోనే ఉంది కాబట్టి ఇండో-యూరోపియన్ల అసలు ఊరు సాల్మన్ నదుల దగ్గరే అని వాదించేవాళ్ళు, సాల్మన్ లేని ఎడారిలో ఆ మాట బయటపడేసరికి ఆ వాదం అంత తేలిగ్గా నిలబడలేకపోయింది.

మనకి తగిలే సంగతి ఇక్కడుంది. పాల్ థీమె అనే జర్మన్ సంస్కృత పండితుడు 1950లలో ఏమన్నాడంటే మన లక్ష, నూరు వేలు, ఆ మాట కూడా ఈ సాల్మన్ మూలం నుంచే వచ్చింది, నదిలో గుంపులుగా వచ్చే లెక్కలేనన్ని చేపల్ని చూసి పెట్టిన పేరు అని. లక్క కూడా, సాల్మన్ కండ ఎరుపు వల్ల. ఇది ఎక్కువమంది ఒప్పుకోలేదు. మా క్లాసులో ఒక తండ్రి ఇది ఎక్కడో చదివి "మేడమ్, లక్షా లొహీ ఒకటే అని పుస్తకంలో పెట్టండి, పిల్లలకి భలే గుర్తుంటుంది" అని గట్టిగా అడిగారు. నేను పెట్టనని చెప్పా. గుర్తుండటం వేరు, నిజం వేరు. సాల్మన్ పాము కూడా పిల్లలకి బాగానే గుర్తుంది, ఆ బొమ్మ నేను మర్చిపోలేదు. పెద్దవాళ్ళు కావాలంటే ఇలా ఒకాయన అన్నాడు, ఇది ఒప్పుకోని వాళ్ళు ఎక్కువ, అని చెప్పుకోవచ్చు. ఏడేళ్ళ పిల్ల పుస్తకంలో ఆ రెండో సగం చోటు పట్టదు, మొదటి సగమే మిగులుతుంది.

చివరికి ఏం పెట్టానంటే

లొహి ఉన్న, లొహి లాగా వినపడే ప్రతి మాటనీ విడిగా చూశా, ఏది చేప, ఏది కాదు అని. లొహికెయిత్తొ చేపే. లొహెన్‌ప్యుర్‌స్తొ, అంటే సాల్మన్ తోక, ఇది వడ్రంగం మాట, రెండు చెక్కల చివర్లని తోక లాగా వెడల్పుగా కోసి ఒకదాంట్లో ఒకటి ఊడకుండా దింపే అతుకు, పాత దుంగల ఇళ్ళ మూలల్లో కనిపిస్తుంది, ఇదీ నిజంగా చేప తోకే. కిర్యొలొహి చేపే గానీ మన లొహి కాదు, ఉత్తర అమెరికా నుంచి తెచ్చి పెంచుతున్న రెయిన్‌బో ట్రౌట్, కిర్యొ అంటే చుక్కలు, రంగులు కలిసిన అని, ఫిన్లాండ్ చేపల ఫారాల్లో ఎక్కువగా పెంచేది ఇదే. లొహ్తు, ఓదార్పు, వినడానికి లొహ్త లాగే ఉంటుంది, సంబంధం లేదు, ఒక తల్లి "ఓదార్పులో కూడా చేప ఉందా అండీ" అని అడిగారు కాబట్టి పెద్దవాళ్ళ పేజీలో ఒక ముక్క రాశా. లొహికార్మె చేప కాదు.

పాత ఇరవై కాపీలు వెనక్కి అడిగా, పదిహేడు వచ్చాయి. మిగిలిన మూడు ఇళ్ళకి ఫోన్ చేసి ఆ లైను పెన్నుతో కొట్టేయమని చెప్పా. మాష్టారు ఇండియాకి వెళ్ళేముందు కొత్త పేజీ చూశారు, హన్హి పక్కన హంస, అంచ పెట్టానో లేదో ముందు అది చూశారు. పెట్టా, పక్షుల పేజీలో.

లొహి ఎంట్రీ ఇప్పుడు ఇలా ఉంది: "లొహి (లొహెన్, లొహ్త). సాల్మన్ చేప. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, మళ్ళీ పుట్టిన నదికే వస్తుంది. సైమా సరస్సులో ఉండేది యార్విలొహి. ఈ పేరు చాలా కాలం కిందట లిథువేనియా వైపు పాత భాష నుంచి ఫిన్నిష్‌లోకి వచ్చింది." కథల పేజీలో: "లొహికార్మె. డ్రాగన్. ఇందులో లొహి అంటే చేప కాదు, ఎగిరేది అనే పాత స్వీడిష్ మాట."

ఆ పాప పాత డ్రాగన్‌ని చెరిపేయలేదు. దాని వీపు మీద రెండు రెక్కలు అంటించి, పక్కనే నీళ్ళలో విడిగా ఒక చేప వేసి, రెండిటి కిందా పేర్లు రాసి తెచ్చింది.